క్యాసెట్టులో దయ్యం లేదు

ఆ క్యాసెట్టును మా చిన్నాయన బొంబాయిలో ఫుట్‌పాత్ మీద కొన్నాడు. ఆయన లారీ డ్రైవరు. రాయదుర్గంలో కుట్టిన జీన్స్ ప్యాంట్లను అక్కడ దించి, తిరిగొచ్చేటప్పుడు బట్ట తాన్లు వేసుకొచ్చేవాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. అట్ట మీద బొమ్మ చూసి కొన్నాడట. ఎర్రటి బోడిగుట్టలు, చెట్టూ చేమా లేని నేల, మనకు వీపు చూపిస్తూ నిలబడిన ఒక ఆడమనిషి. ఆకాశం మాత్రం ఊదారంగు.

“మన గుమ్మగట్ట కాడి గుట్టలే అనుకొంటి” అన్నాడు చిన్నాయన, దాన్ని నా చేతిలో పెట్టి. “పాటలు ఎట్లుండాయో నాకు తెలీదు. నువ్వు చదువుకున్నదానివి, చూసుకో.”

నా చదువు ఇంటర్ తప్పడంతో ఆగింది. అది తొంభైల చివర. వరసగా రెండేళ్ళు వేరుశనగ చేతికి రాలేదు. మా ఊరి ఆడవాళ్ళం పదిమందిమి పొద్దున్నే మొదటి బస్సెక్కి రాయదుర్గం పోయి, ఒక రేకుల షెడ్డులో జీన్స్ కుట్టేవాళ్ళం. నీలంబట్ట రంగు వేళ్ళకు అంటుకుని ఎంత రుద్దినా పోయేది కాదు. అన్నం ముద్ద కలిపితే ముద్దకు కూడా నీలం తగిలేది.

అట్ట మీది అక్షరాలు కూడబలుక్కుంటే అది ఏదో ఇంగ్లీషు సినిమాలోని సంగీతమని అర్థమైంది. ఎనిమిది పేర్లున్నాయి. మాటలున్న పాటలు రెండే. మిగతా ఆరూ వట్టి వాయిద్యాలు, మధ్యమధ్యలో మాటల్లేని గొంతులు.

మొదటిసారి ఇంట్లోనే పెట్టి విన్నాం. ముందు గాలి హోరు. ఆ హోరులోంచి ఆర్గన్ మీద ఒకటే స్వరం, ఎంతకీ తెగకుండా. తర్వాత గిటారు. తీగ మీటి వదిలెయ్యకుండా దాన్ని సాగదీస్తూనే ఉన్నాడు ఎవడో. డ్రమ్ములు చాలాసేపటికి, ఇక రావేమో అనుకున్నాక వచ్చాయి.

అమ్మ చెవులు మూసుకుంది. “ఆపండప్పా, తల పగిలిపోతాండాది.”

“ఉండుమే” అన్నాడు నాయన.

నాయన వారమంతా కూలిపనికి పోయేవాడు. ఆదివారం మాత్రం ఆయన మా ఊరి చర్చిలో ఆర్గన్‌కు వైద్యుడు. కాళ్ళతో తొక్కి వాయించే పాత పెట్టె అది. తిత్తులు చినిగినప్పుడల్లా మేకతోలు ముక్కలు అతికించి దానికి ఊపిరి పోసేది ఆయనే. వాయించడం రాదు గానీ, లోపల ఏ చెక్క ఎందుకు మూలుగుతుందో చెప్పగలడు. క్యాసెట్టు ఒక పక్క అయ్యేదాకా గోడకానుకుని కదలకుండా విన్నాడు.

“ఇది ఆర్గనే” అన్నాడు చివరకు. “వాయించేటోనికి జ్వరమొచ్చినట్టుండాది. అయినా చూడు, ఆ సుతి ఎంతసేపు పట్టినాడో. యాడా గాలి పోల్యా.”

ఆయన నోట అంతకు మించిన మెప్పు నేను వినలేదు.

మా షెడ్డులో ఇరవై మిషన్లు. కటింగ్ టేబుల్ పైన గూట్లో ఓనరు టేపురికార్డరు ఉండేది. దాని మీద పెత్తనం కటింగ్ మాస్టర్‌ది. మాలో సగంమందివి తెలుగిళ్ళు, సగంమందివి కన్నడం మాట్లాడే ఇళ్ళు. తెలుగు పాటలు పెడితే వాళ్ళు మూతులు తిప్పేవాళ్ళు. కన్నడ పాటలు పెడితే మేం తిప్పేవాళ్ళం. రోజూ ఇదే రగడ. ఒకరోజు మాస్టర్ అన్నానికి పోయినప్పుడు రగడ ముదిరి ఇద్దరు జుట్లు పట్టుకునేదాకా వచ్చింది. నాకు విసుగెత్తింది. సంచిలోంచి నా క్యాసెట్టు తీసి పెట్టేశాను.

“ఇదేం భాషమే?” అని అరిచారు ఎవరో.

“ఏ భాషా కాదు. వినండి.”

మొదట నవ్వారు. గాలి హోరు వస్తుంటే వాళ్ళూ నోళ్ళతో ఊదారు. గిటారు సాగుతుంటే ఒకామె గొర్రెలా అరిచింది. నిజానికి మా ఇరవై మోటార్ల మోతలో మాటలున్న పాటలు సగం వినబడేవే కాదు. ఈ సంగీతానికి ఆ ఇబ్బంది లేదు. మోటార్ల మోత దాంట్లోకి దూరి అందులోదే అయిపోయింది. నడుము నుంచి మడమ దాకా కాలి కుట్టు ఆపకుండా లాగాలి. ఆ గిటారు కూడా అలాగే ఆపకుండా లాగుతుంటే చేతులు వాటంతటవే పోయాయి. క్యాసెట్టు ఒక పక్క అయిపోయి టక్కుమనేసరికి నవ్వేవాళ్ళు ఎవరూ లేరు.

షెడ్డులో అందరికన్నా పెద్దది, జేబులు కుట్టే అక్క. కన్నడం ఆమె ఇంటి భాష. భర్త పోయాక పదేళ్ళుగా జేబులే కుడుతోంది. మేమంతా ఆమెను జేబులక్క అనేవాళ్ళం. ఆమె తల ఎత్తకుండానే, “ఇన్నొందు సల హాకమ్మా” అంది. ఇంకోసారి వెయ్యమని.

మాస్టర్ తిరిగొచ్చేసరికి రెండోసారి సాగుతోంది. “ఏందిమే ఇది? పాటనా, టేపు పాడైందా?”

“సినిమా పాటలే మాస్టర్. ఇంగ్లీషు సినిమా.”

ఆయన మొహం చిట్లించుకున్నాడు గానీ ఆపలేదు. రగడ లేకపోవడం ఆయనకూ సుఖంగానే ఉన్నట్టుంది. అప్పటినుంచి మధ్యాహ్నం అన్నాల తర్వాత నా క్యాసెట్టు అనేది అలవాటైపోయింది.

మే నెల వచ్చింది. రేకుల కింద కూర్చుంటే నెత్తిమీద ఎవరో పెనం పెట్టినట్టుండేది. ఫ్యాన్లు లేవు. ఉన్న ఒక్క కిటికీకి బట్ట తాన్లు అడ్డం. తాగే నీళ్ళ డ్రమ్ము పన్నెండుకల్లా అడుగంటేది. నడుముపట్టీకి బెల్టు దూర్చే లూపులు కుట్టే పిల్ల ఒకతె ఉండేది. ఆరు నెలల కిందటే పెళ్ళయింది. కర్ణాటక సరిహద్దు అంచున ఉన్న అత్తగారి ఊరి నుంచి వచ్చేది. తెల్లారి బస్సుకు ఏమీ తినకుండా బయల్దేరి, తెచ్చుకున్న సద్ది మధ్యాహ్నం తినేది. ఒకరోజు ఆ సద్ది పాచిపోయిందని కుక్కకు వేసేసింది.

క్యాసెట్టులో మూడోదాంట్లో ఒక ఆడగొంతు ఉంటుంది. మాటల్లేకుండా సన్నగా మొదలై, పైకి పోయి పోయి, కేకవుతుంది. ఆరోజు సరిగ్గా ఆ కేక దగ్గర లూపుల పిల్ల స్టూలు మీంచి పక్కకు ఒరిగి నేలమీద పడింది.

మాస్టర్ పరుగెత్తుకొచ్చాడు. ఆ పిల్ల దగ్గరికి కాదు. ముందు పోయి టేపు ఆపాడు.

జేబులక్క ఆ పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని, ఎవరి సీసాలోనో మిగిలిన నీళ్ళు మొహాన చల్లింది. పది నిమిషాలకు కళ్ళు తెరిచి, “ఆకలైతాండాదక్కా” అంది. ఆ మాట నా చెవులతో నేను విన్నాను. మాస్టర్ కూడా విన్నాడు.

కానీ సాయంత్రం బస్సులో అందరి నోళ్ళలో ఉన్న మాట వేరే. క్యాసెట్టులో దయ్యముందట. ఆ ఏడ్చే ఆడదే దయ్యమట, లూపుల పిల్లలోకి దూరిందట. చర్చివాళ్ళ అమ్మాయి ఎక్కడినుంచో తెచ్చిందట. మర్నాడు పోయేసరికి నా క్యాసెట్టు ఓనరు డ్రాయర్లోకి చేరింది.

లూపుల పిల్ల ఆరోజు రాలేదు. వారమైనా రాలేదు. అత్తగారింట్లో ఎవరినో పిలిపించి తాయెత్తు కట్టించారని, గడప దాటనివ్వడం లేదని ఆ ఊరి నుంచే వచ్చే ఇంకొకామె చెప్పింది.

ఇంట్లో నాకు అన్నం దిగలేదు. నాయన అడిగితే అంతా చెప్పాను. తిట్టు పడుతుందనే అనుకున్నాను.

“క్యాసెట్టు యాడుండాది?” అన్నాడు.

“ఓనరు డ్రాయర్లో.”

“అది నీదా, ఆయప్పదా?”

“నాదే.”

“మళ్ళెందుకు ఆడుండాది?”

కంచం ముందుకు లాక్కున్నాను.

మర్నాడు పొద్దున సంచి కూడా దించకుండా ఓనరు టేబుల్ దగ్గరకు పోయాను. ఓనరు చెడ్డవాడని అనను. తలనొప్పి తెచ్చే ఏ సంగతినీ డ్రాయర్లో పెట్టి మర్చిపోయే రకం.

“నా క్యాసెట్టు ఇయ్యండి సార్.”

“దాంతోనే కదమ్మా ఇంత రచ్చ. ఈడనే ఉండనీ. పో, పన్జూసుకో.”

“ఇస్తే పోతా.”

“ఇయ్యకపోతే?”

“ఈడనే నిలబడతా.”

ఆయన నవ్వి కాగితాల్లోకి తల దూర్చాడు. నేను కదల్లేదు. వెనక మిషన్లు మొదలయ్యాయి. ఎంతసేపు నిలబడ్డానో గానీ, అరికాళ్ళు మండుతున్నాయి, సిగ్గుతో చెవులు కాలుతున్నాయి. అప్పుడు వెనకాల ఒక మోటారు ఆగింది. జేబులక్క లేచి వచ్చి నా పక్కన నిలబడింది. ఇంకో మోటారు ఆగింది. ఇంకోటి. జుట్లు పట్టుకున్న ఆ ఇద్దరూ కూడా వచ్చారు. చివరి మోటారు ఆగాక ఆ షెడ్డు ఎంత నిశ్శబ్దంగా ఉండగలదో మొదటిసారి తెలిసింది. ఎండకు రేకులు టకటకమనడం వినబడింది.

ఓనరు డ్రాయరు లాగి క్యాసెట్టు టేబుల్ మీద పడేశాడు. “తీసకపోండి. నా షెడ్డులో మాత్రం వెయ్యొద్దు.”

“ఈడ కాదులే సార్” అంది జేబులక్క. “దీని పని వేరే ఊర్లో ఉండాది.”

అప్పటిదాకా నాకూ తెలియదు ఆమె మనసులో ఏముందో.

ఆ ఆదివారం చర్చి అయిపోగానే నేనూ, జేబులక్కా, నాయనా లూపుల పిల్ల అత్తగారి ఊరికి బస్సెక్కాం. నాయన మా టేపురికార్డరును తువ్వాల్లో చుట్టి చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకున్నాడు. కొత్త బ్యాటరీలు కూడా ఆయనే వేయించాడు. కరెంటును నమ్ముకుని పోయేంత పిచ్చివాడు కాదు.

అత్త గడప ముందు కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. బక్కపలచని మనిషి. మేమెవరమో, ఆ తువ్వాల్లో ఏముందో తెలియగానే చేతిలో చిన్నకత్తి అట్లాగే పట్టుకుని లేచింది. కన్నడం, తెలుగు కలిపి అరిచింది.

“ఆ టేపు తీసకొని మా ఇంటికే వస్తారా? ఎంత ధైర్యం మీకు! మా కోడల్ని పాడు చేసింది చాలదా?”

అరుపులకు చుట్టుపక్కల వాళ్ళు పోగయ్యారు. నాయన తువ్వాలు విప్పి టేపురికార్డరును గడప ముందు బండ మీద పెట్టి, వెనక్కి వచ్చి నిలబడ్డాడు. మిగతాది నీ పని అన్నట్టు నా వైపు చూశాడు.

“ఈడనే వేస్తామమ్మా” అన్నాను. “పట్టపగలు, అందరి ముందర. దయ్యముంటే ముందు నన్నే పట్టనీ. నేను తెచ్చినదాన్ని కదా.”

మీట నొక్కాను. జనం రెండడుగులు వెనక్కి జరిగారు.

గాలి హోరు వచ్చింది. ఆర్గన్ వచ్చింది. ఎవరూ క్యాసెట్టు వినడం లేదు. అందరూ నన్నే చూస్తున్నారు, ఎప్పుడు పడతానా అని. నాకు భయం వేయలేదని చెబితే అబద్ధం. ఎండ నడినెత్తిన ఉంది. పొద్దున నేనూ ఏమీ తినలేదు. ఇప్పుడు గాని నాకు కళ్ళు తిరిగితే ఆ పిల్ల బతుకు ఇక అంతే అనిపించి కాళ్ళు దూరంగా పెట్టి నిలబడ్డాను. మూడోది మొదలైంది. ఆ ఆడగొంతు సన్నగా లేచింది, పైకి పోయింది, కేకయింది. ఒక చంటిపిల్ల తల్లి చంకలోంచి కిలకిలా నవ్వింది. కేక అయిపోయింది. నేను నిలబడే ఉన్నాను.

ఒక పక్క పూర్తయ్యేదాకా ఆపలేదు. టక్కుమని ఆగాక అత్త క్యాసెట్టు అట్ట అడిగి తీసుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

“ఇంతేనా?” అంది.

“ఇంతేనమ్మా. ఇంకో పక్క కూడా ఉండాది. వెయ్యల్నా?”

“వద్దు తల్లీ.” వేలితో బొమ్మ మీద కొట్టింది. “ఆ అరిచేది ఈమేనా? ఎందుకు అరుస్తాండాది?”

“తెలీదమ్మా.”

“ఇట్లాంటి బయల్లో ఎండకు నిలబెడితే ఎవురైనా అరుస్తారు.”

జేబులక్క ఆ మాట పట్టుకుంది. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని కన్నడంలో మొదలుపెట్టింది. రేకులు, అడ్డం పెట్టిన కిటికీ, పన్నెండుకే అడుగంటే డ్రమ్ము, పాచిపోయిన సద్ది, అన్నీ చెప్పింది. చివరకు మాకందరికీ అర్థమయ్యేట్టు తెలుగులో అంది: “నీ కోడల్ని పట్టింది దయ్యం కాదమ్మా, ఎండ. ఆకలి. తాయెత్తుకు పొయ్యేవి కాదు ఇవి.”

లోపలి నుంచి లూపుల పిల్ల వచ్చి గడప మీద నిలబడింది. జబ్బకు తాయెత్తు ఉంది. మనిషి చిక్కింది గానీ కళ్ళు నిప్పులు.

“నేను మొదటినుంచీ అదే చెప్తాండా!” అంది. “ఆకలయి పడినా అంటే ఈ ఇంట్లో ఒక్కరైనా విన్నారా? దయ్యం చెప్తాండాది అంటిరి. నా నోట్లోనుంచి వచ్చేది నా మాట కాదా?”

అత్త చింతపండు చేట పక్కకు జరిపి లోపలికి పోయి, నాలుగు చెంబుల మజ్జిగ తెచ్చింది. మాకు మూడు. నాలుగోది కోడలికి. బస్సుకు లేచేటప్పుడు, “సోమవారం పంపిస్తా” అంది. “అన్నం తినిపించే పంపిస్తా. ఆ నీళ్ళ సంగతి మీరు తేల్చండి.”

తేల్చాలనే మేమూ అనుకున్నాం. సోమవారం లూపుల పిల్ల బస్సు దిగి వచ్చింది. మేం ఇరవైమందిమీ షెడ్డు లోపలికి పోలేదు. ముందరి గోడ నీడలో కూర్చున్నాం. ఓనరు స్కూటరు దిగి మమ్మల్ని చూసి తల పట్టుకున్నాడు.

“ఇప్పుడేంది మళ్ళీ? క్యాసెట్టు ఇచ్చినా కదమ్మా!”

“ఫ్యాన్లు కావల్ల సార్” అన్నాను. “ఇంకో నీళ్ళ డ్రమ్ము కావల్ల. కిటికీ కాడ తాన్లు తియ్యల్ల.”

“ఊర్లో ఎంతమంది కుట్టేవాళ్ళు లేరు అనుకొంటాండారు?”

“పిలుచుకోండి సార్. వాళ్ళూ ఆ రేకుల కిందనే కదా కూర్చోవల్ల.”

మూడురోజులు కూర్చున్నాం. రెండోరోజు మాస్టర్ వచ్చి మమ్మల్ని ఒక్కొక్కరినే పక్కకు పిలిచి మాట్లాడాడు. మాలో నలుగురు లోపలికి పోయారు. ఇళ్ళల్లో పొయ్యి వెలగాలి, వాళ్ళను నేను తప్పుపట్టను. మూడోరోజు ఆ నలుగురిలో ఇద్దరు మళ్ళీ బయటికొచ్చి, “లోపల ఒక్కరోజు కూడా ఉండల్యాము” అంటూ మా పక్కన కూర్చున్నారు. ఆ సాయంత్రం ఒక బండిలో నాలుగు ఫ్యాన్లు, ఇంకో నీళ్ళ డ్రమ్ము దిగాయి. మోటార్లు వేడెక్కి కాలిపోతున్నాయని, ఫ్యాన్లు వాటికోసం తెప్పించానని ఓనరు అందరికీ చెప్పుకున్నాడు. ఎవరికోసమైతేనేం, గాలి మాకూ తగిలింది.

మర్నాడు అన్నాల తర్వాత లూపుల పిల్ల స్టూలు వేసుకుని ఎక్కి, ఓనరు టేపురికార్డర్లో నా క్యాసెట్టు పెట్టి మీట నొక్కింది. ఓనరు మాట గుర్తున్నా ఎవరమూ దిగమనలేదు. మాస్టర్ కత్తెర పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. ఆ కేక వచ్చినప్పుడు ఆ పిల్ల మిషన్ ముందు కూర్చుని లూపు కుడుతోంది. సూది ఆగలేదు.

దసరా దాకా అక్కడే చేశాను. తర్వాత నా కుట్లు వంకర పోతున్నాయని, ఇక పనికి రావద్దని మాస్టర్ అన్నాడు. నా కుట్లు ఎలా పోతాయో నాకు తెలుసు. వాదించకుండా, కుట్టిన ప్యాంటు ఒకటి ఆయన టేబుల్ మీద పరిచి, అంచున స్కేలు పెట్టి చూపించి వచ్చేశాను. క్యాసెట్టు మాత్రం లూపుల పిల్లకిచ్చాను. అది నాకంటే ఆమెకే ఎక్కువ చెందుతుంది అనిపించింది. ఆ తర్వాత అనంతపురంలో చదివి ఇంటర్ గట్టెక్కాను. బుక్కరాయసముద్రంలో గది తీసుకుని రెండు మిషన్లతో బడిపిల్లల యూనిఫారాలు కుట్టడం మొదలుపెట్టాను. ఆ పనిలోనే ఉన్నాను.

షెడ్డు వదిలిన ఏడెనిమిదేళ్ళ తర్వాత అనంతపురంలో పాటలు సీడీలోకి ఎక్కించే ఒక దుకాణానికి పోయి ఆ సంగీతం గురించి అడిగాను. సినిమా పేరు స్పెల్లింగుతో సహా నాకు గుర్తుంది. జుట్టు పెంచుకున్న ఒక పిల్లగాడు కంప్యూటర్లో వెతికి పట్టుకుని, నా వైపు తిరిగి ఆశ్చర్యంగా చూశాడు. నా వేళ్ళకు సుద్దముక్క పొడి, మెడలో కొలతల టేపు.

“ఎవరికోసం అక్కా ఇది?”

“నాకే.”

“దీన్ని సైకెడెలిక్ రాక్ అంటారక్కా. మామూలోళ్ళకు ఎక్కదు ఇది. మత్తులో ఉండేటోళ్ళ కోసం చేసిన మ్యూజిక్కు.”

“మాకు ఎక్కింది” అన్నాను. “ఇరవైమందిమి విన్నాము. ప్యాంట్లు కుడుతూ.”

అతను నమ్మలేదు. నమ్మించాలని నేనూ అనుకోలేదు. ముందు ఇక్కడే పెట్టి వినిపించమన్నాను. దుకాణంలో పెద్ద స్పీకర్లున్నాయి. గాలి హోరు మొదలవగానే, కొత్త సినిమా పాటల కోసం వచ్చిన ఇద్దరు చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నారు.

“అది మార్చప్పా” అన్నాడు వాళ్ళలో ఒకడు.

“అయిపోనీ” అన్నాను, స్టూలు లాక్కుని కూర్చుంటూ. “ఎనిమిదుండాయి. నువ్వు పోయి టీ తాగి రా.”